నీలం దక్కినవారు, దక్కనివారు

చాలా ఏళ్ల క్రితం ఒక క్రికెట్ క్రీడాకారుని జీవితచరిత్రను తెలుగు చేస్తూ ఉండగా, ఒక చిన్న వాక్యం దగ్గర నా కలం ఆగిపోయింది. కేంబ్రిడ్జిలో చదువుతున్న రోజుల్లో అతనికి ‘బ్లూ’ లభించిందన్నది ఆ వాక్యం. ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకున్నవాణ్ణే అయినా ఆ మాట నాకు కొత్త. నిఘంటువు తిరగేస్తే నీలం, ఆకాశం, దిగులు కనిపించాయి గాని క్రికెట్ కనిపించలేదు. చివరకు ‘నీలిరంగు పతకం’ అని రాసి పంపించాను. ప్రూఫులు దిద్దిన పెద్దాయన ఆ మాట పక్కన ఎర్రసిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టి తిప్పి పంపారు. ఆయన అనుమానం సరైనదే. అక్కడ పతకమూ లేదు, బిరుదూ లేదు. ఉన్నదల్లా ఒక కోటు వేసుకునే హక్కు.

ఆక్స్‌ఫర్డ్ రంగు ముదురు నీలం, కేంబ్రిడ్జి రంగు లేత నీలం. ఏటా ఈ రెండు విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పోటీలో తన విశ్వవిద్యాలయం పక్షాన ఆడిన విద్యార్థికి ఆ రంగు కోటు ధరించే అర్హత కలుగుతుంది. అదే ‘బ్లూ’. ఈ పోటీలను ప్రారంభించినవారు అధికారులు కారు, విద్యార్థులే. 1827లో లార్డ్స్ మైదానంలో మొదటి క్రికెట్ పోటీని ఏర్పాటు చేసినవాడు చార్లెస్ వర్డ్స్‌వర్త్ అనే ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి. సుప్రసిద్ధ కవి వర్డ్స్‌వర్త్‌కు ఇతడు తమ్ముడి కొడుకు. రెండేళ్ల తర్వాత 1829లో, హెన్లీ దగ్గర థేమ్స్ నదిపై జరిగిన మొదటి పడవ పందెంలోనూ ఇతడు తెడ్డు వేశాడు. పెదతండ్రి ప్రకృతిని ధ్యానించిన దేశంలో అబ్బాయి దానితో కుస్తీ పట్టాడన్నమాట!

ఈ విశ్వవిద్యాలయాల అమరిక తెలియనిదే అక్కడి సంఘాల సంగతి బోధపడదు. మనకు తెలిసిన అనుబంధ కళాశాలల పద్ధతి వేరు. అక్కడ కేంబ్రిడ్జిలో 31, ఆక్స్‌ఫర్డ్‌లో నలభైకి చేరువగా కళాశాలలున్నాయి. విద్యార్థిని చేర్చుకునేది, గది ఇచ్చేది, అన్నం పెట్టేది కళాశాల. పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. ఒక్కొక్క కళాశాలలో ఉండేది కొన్ని వందలమంది మాత్రమే. అయినా ప్రతి కళాశాలకూ పడవల క్లబ్బు ఉండాలి, క్రికెట్ జట్టు ఉండాలి, నాటక సమాజం, గాయక బృందం, చర్చావేదిక ఉండాలి. ఇంతమంది ఎక్కడినుంచి వస్తారు? ఆట వచ్చినవారు చాలరు కనుక రానివారిని కూడా పిలుస్తారు. జన్మలో తెడ్డు ముట్టనివాడు నవంబరు చలిలో తెల్లవారకముందే నదిమీద ఉంటాడు. విశ్వవిద్యాలయం జట్టులో చోటు కొద్దిమందికే. కళాశాల జట్టులో చోటు ఇంచుమించు అడిగినవారందరికీ.

అక్టోబరు ఆరంభంలో కొత్త విద్యార్థుల కోసం ఒక సంత జరుగుతుంది. అందులో అమ్మేవి సంఘాలు. చదరంగం, పర్వతారోహణ, గంటలు మోగించే కళ, రాజకీయ పక్షాలు, తత్వచర్చ, దేశాలవారీ సమాజాలు, ప్రతిదానికీ ఒక బల్ల, బల్ల వెనుక గొంతు చించుకునే ఒక కార్యదర్శి ఉంటారు. కొత్తవాడు ఉత్సాహం కొద్దీ పది పన్నెండింటిలో పేరు రాయించుకుని, క్రిస్మస్ నాటికి రెండింటిలో మిగులుతాడు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అందరూ విద్యార్థులే. లెక్కలు సరిచూడటానికి, పూచీ పడటానికి ఒక అధ్యాపకుడు పేరుకు ఉంటాడు. టర్ము ఎనిమిది వారాలే కనుక ఏ పదవీ ఎక్కువకాలం ఉండదు. 

నేను చదివిన కళాశాలలోనూ ఒక ఆంగ్ల సాహిత్య సంఘం ఉండేది. దాని రుసుము ఫీజుతో కలిపి ఏటా వసూలు చేసేవారు. సంఘం ఏడాదికి రెండుసార్లు సమావేశమయ్యేది. మొదటిది ప్రారంభోత్సవం, రెండవది ముగింపు ఉత్సవం. ఆ రెంటి మధ్య ఏమి జరగాలో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

విద్యార్థి పెత్తనంలో ఏమి జరగగలదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఆక్స్‌ఫర్డ్‌లో ఇఫ్లీ రోడ్డు పక్కన పరుగు పందేల బాట ఒకటి ఉంది. పాత బాట ఎగుడుదిగుడుగా ఉండేది. మూడు చుట్లు తిరిగితే మైలు. విద్యార్థుల అథ్లెటిక్ క్లబ్బుకు అధ్యక్షుడైన రోజర్ బానిస్టర్ అనే వైద్యవిద్యార్థి దాన్ని తీసివేయించి, నాలుగు చుట్లకు మైలు వచ్చే కొత్త బాట వేయించడానికి పూనుకున్నాడు. 1954 మే 6న, చదువు చివరి దశలో లండన్ ఆసుపత్రిలో ఉన్న అదే బానిస్టర్ ఆ బాటమీదనే మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తాడు. నాలుగు నిమిషాల లోపు మైలు పరుగెత్తిన మొదటి మనిషి అతడు.

ఇక నా అనువాదాన్ని అడ్డగించిన వాక్యం దగ్గరికి వస్తాను. ఆ వాక్యంలోని ఆటగాడు నవానగర్ రాజకుమారుడు రంజిత్‌సిన్‌జీ. ట్రినిటీ కళాశాలలో చదువుతూ, ఊరి మధ్యనున్న పార్కర్స్ పీస్ మైదానంలో పరుగులు కురిపిస్తున్నా విశ్వవిద్యాలయం జట్టులోకి అతనికి పిలుపు రాలేదు. జట్టు నాయకుడు స్టాన్లీ జాక్సన్ కూడా ట్రినిటీవాడే. 1892–93 శీతకాలంలో జాక్సన్ లార్డ్ హాక్ జట్టుతో భారతదేశం వచ్చి, ఇక్కడివాళ్లు ఆడటం చూసి వెళ్లాడు. 1893లో రంజీకి ‘బ్లూ’ దక్కింది. భారతీయుల పట్ల తనకు అంతకుముందు సానుభూతి కొరవడిందని జాక్సన్ తరువాత ఒప్పుకొన్నాడు. మూడేళ్లు తిరిగేసరికి ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, ఇంగ్లండు పక్షాన తన మొదటి టెస్టులోనే రంజీ 62, ఆపై అజేయంగా 154 పరుగులు చేశాడు.

ఇక్కడితో ఆపితే ఇది ఒక ముచ్చటైన కథ. కాని ఈ జాక్సన్ జీవితంలో మరొక విశ్వవిద్యాలయం కూడా ఉంది. 1927లో అతడు బెంగాలు గవర్నరై వచ్చాడు. 1932 ఫిబ్రవరి 6న కలకత్తా విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో ప్రసంగిస్తూ ఉండగా, పట్టా పుచ్చుకోవడానికి వచ్చిన బీనా దాస్ అనే విద్యార్థిని అతనిపై పిస్తోలు పేల్చింది. గుండ్లు తగలలేదు. ఆమెకు తొమ్మిదేళ్ల కఠినశిక్ష పడింది. ఒక భారతీయునికి జట్టులో చోటిచ్చిన మనిషికీ, భారతీయులకు వారి దేశంలో చోటివ్వని ప్రభుత్వానికీ పేరు ఒక్కటే కావడం నన్ను చాలాకాలం వెంటాడింది.

రంజీ తెరచిన దారిలో తరువాత చాలామంది నడిచారు. 1931 పోటీలో కేంబ్రిడ్జి ఆటగాడు రాట్‌క్లిఫ్ 201 పరుగులు చేస్తే, ఆక్స్‌ఫర్డ్ పక్షాన పటౌడీ నవాబు ఇఫ్తికార్ అలీఖాన్ 238 చేసి అజేయంగా నిలిచాడు. ఆయన కుమారుడు మన్సూర్ అలీఖాన్ 1961లో ఆక్స్‌ఫర్డ్ జట్టుకు నాయకుడు. ఆ ఏడాది జూలైలో కారు ప్రమాదంలో కుడికన్ను చూపు పోయింది. మరుసటి సంవత్సరమే, 21 ఏళ్ల వయసులో, భారత జట్టుకు నాయకుడయ్యాడు. ఆయన హైదరాబాదు పక్షాన రంజీ ట్రోఫీ ఆడిన రోజులు మన పెద్దలలో కొందరికి ఇంకా గుర్తుండే ఉంటాయి. ఆ ట్రోఫీ ఎవరి పేరు మీద ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు.

మైదానంకన్నా బిగువైన తలుపు మరొకటి ఉంది. అది యూనియన్. కేంబ్రిడ్జిలో 1815లో, ఆక్స్‌ఫర్డ్‌లో 1823లో పుట్టిన ఈ చర్చాసభలను పార్లమెంటు నమూనా మీద నడుపుతారు. ఒక తీర్మానం, అటొక పక్షం, ఇటొక పక్షం. ఆక్స్‌ఫర్డ్‌లో ఓటు వేయడమంటే కాగితం మీద గుర్తు పెట్టడం కాదు. ఔననేవారు ఒక ద్వారం నుంచి, కాదనేవారు మరొక ద్వారం నుంచి బయటికి నడవాలి. 1933 ఫిబ్రవరి 9న ఆ ద్వారాల గుండా 275 మంది ఒకవైపు, 153 మంది మరొకవైపు నడిచారు. రాజు కోసం, దేశం కోసం ఎట్టి పరిస్థితులలోను యుద్ధం చేయబోమన్న తీర్మానం నెగ్గింది. విద్యార్థుల మాటే కదా అని దేశం ఊరుకోలేదు. ఆ తీర్మానాన్ని రికార్డులనుంచి తొలగించాలని చర్చిల్ కుమారుడు రాండాల్ఫ్ మరుసటి నెలలో సభకు వచ్చి పట్టుబడితే, 750 మంది కాదన్నారు. ఔనన్నవారు 138 మంది.

ఇటువంటి సభలో మనవారు ఎలా నిలబడ్డారు? శ్రీలంక ప్రధాని అయిన బండారునాయకే 1920లలో ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో కార్యదర్శిగా పనిచేసినా అధ్యక్ష పదవికి ఓడిపోయారు. 1934లో బొంబాయి పార్సీ యువకుడు డి. ఎఫ్. కరాకా ఆ పదవికి ఎన్నికైన మొదటి భారతీయుడు. 1960ల ఆరంభంలో గిరీశ్ కర్నాడ్ అదే కుర్చీలో కూర్చున్నారు. కేంబ్రిడ్జిలో 1930లలో మోహన్ కుమారమంగళం అధ్యక్షులు. వీరందరికన్నా ముందు, ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలోనే, సెయింట్ జాన్స్ కళాశాల విద్యార్థి ఒకరు కేంబ్రిడ్జి యూనియన్‌కు ఉపాధ్యక్షులుగా ఎన్నికయ్యారు. ఆయన మన కట్టమంచి రామలింగారెడ్డిగారు, ‘ముసలమ్మ మరణము’ రాసిన కవి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వెలసినప్పుడు మొదటి ఉపాధ్యక్షులు ఆయనే. సభలో ఆయన వాదనాపటిమను గురించి తరతరాలుగా చెప్పుకుంటున్నాం గాని, దానికి సానపట్టిన చోటు ఏదన్నది తక్కువమంది తలచుకుంటారు.

అందరూ రెడ్డిగారిలా మాటకారులు కారు. 1907లో ట్రినిటీలో చేరిన ఒక కాశ్మీరీ యువకుడు తమ కళాశాల చర్చాసంఘమైన ‘మాగ్‌పై అండ్ స్టంప్’లో సభ్యుడు. టర్ము మొత్తం మీద ఒక్కసారైనా నోరు విప్పని సభ్యుడు జరిమానా కట్టాలన్నది అక్కడి నియమం. ఆయన చాలాసార్లు జరిమానాయే కట్టారు. జవహర్‌లాల్ నెహ్రూ తన ఆత్మకథలో స్వయంగా చెప్పుకున్న సంగతి ఇది. భారతీయ విద్యార్థులు తమకోసం తామే కేంబ్రిడ్జిలో 1891లోను, ఆక్స్‌ఫర్డ్‌లో 1896లోను ‘మజ్లిస్’ అనే సంఘాలు పెట్టుకున్నారు. దేశ రాజకీయాలు అక్కడ తీవ్రంగా చర్చకు వచ్చేవి. అయితే విషయంలోకి దిగడంకన్నా యూనియన్ వక్తల హావభావాలను అనుకరించడానికే ఎక్కువ శ్రమ పడేవారమని నెహ్రూ ఒప్పుకొన్నారు. ఈ చురక ఇప్పటి మన చర్చావేదికలకు కూడా తగులుతుందేమో!

పరాయిదేశపు పురుషులకు తెరుచుకున్న ఈ తలుపు స్వదేశపు స్త్రీలకు తెరుచుకోవడానికి మరికొంత కాలం పట్టింది. సరోజినీదేవి హైదరాబాదునుంచి వెళ్లి గిర్టన్ కళాశాలలో చదివిన నాటికి కేంబ్రిడ్జి స్త్రీలకు పట్టా ఇచ్చేది కాదు. 1948 వరకు ఇవ్వలేదు. రెండు యూనియన్లూ స్త్రీలను సభ్యులుగా చేర్చుకున్నది 1963లో. 1977లో ఆక్స్‌ఫర్డ్ యూనియన్ అధ్యక్షపీఠం మీద బెనజీర్ భుట్టో కూర్చున్నారు. పడవ పందెం కథ ఇంతకన్నా విచిత్రం. 1927లో స్త్రీలు మొదటిసారి పోటీపడ్డప్పుడు రెండు పడవలనూ ఒకేసారి నదిలోకి దిగనివ్వలేదు. విడివిడిగా నడిపించి, వేగంతోపాటు తెడ్డు వేసే సొగసుకు కూడా మార్కులు వేశారు. పురుషులు పోటీపడే లండన్ జలాలమీదనే, అదే రోజున, అదే దూరం స్త్రీలు పోటీపడింది 2015 ఏప్రిల్ 11న.

ఇంతవరకు చెప్పినవన్నీ నీలం దక్కినవారి కథలు, లేదా దానికోసం తలుపు తట్టినవారి కథలు. కాని ఈ విశ్వవిద్యాలయాల అసలు రుచి చూడాలంటే కళాశాలల మధ్య జరిగే పడవ పందేలను చూడాలి. ఆక్స్‌ఫర్డ్‌లో 1815 నుంచి, కేంబ్రిడ్జిలో 1827 నుంచి జరుగుతున్నాయి. ఆ ఊళ్లలో నది ఇరుకు. పడవలు పక్కపక్కన సాగే వీలులేదు. కనుక ఒకదాని వెనుక ఒకటిగా, కేంబ్రిడ్జిలో పడవన్నర పొడవు ఎడంతో, బారులు తీరుస్తారు. ప్రతి పడవలో తెడ్డు వేసేవారు ఎనిమిదిమంది, చుక్కాని పట్టి కేకలు పెట్టే బక్కపలుచని వ్యక్తి ఒకరు. నాలుగు నిమిషాలుందనగా ఒకసారి, నిమిషం ఉందనగా ఒకసారి, బయలుదేరడానికి ఒకసారి ఫిరంగి పేలుతుంది. వెనుక పడవ తరుముతుంది, ముందు పడవ పారిపోతుంది. అందుకుని తాకితే చాలు. తాకిన పడవ మరునాడు తాకబడిన పడవ స్థానంలో నిలుస్తుంది. ఇలా నాలుగు రోజులు. నాలుగు రోజులూ తాకినవారికి తమ పేర్లు చెక్కిన తెడ్డు. నాలుగు రోజులూ తాకించుకున్నవారికి, కేంబ్రిడ్జి పరిభాషలో, చెంచా. ‘మే పందేలు’ అనే పేరున్నా ఇవి జరిగేది జూన్‌లో. పరీక్షలకోసం ఎప్పుడో జరిపారు, పేరు మాత్రం మార్చలేదు.

ఈ పందేలకు ఏటా కొత్త ఆరంభం ఉండదు. ఈ సంవత్సరం ఎక్కడ ఆగితే వచ్చే సంవత్సరం అక్కడినుంచే మొదలు. నిరుడు తెడ్డు వేసినవారు పట్టాలు పుచ్చుకుని ఎక్కడెక్కడికో వెళ్లిపోతారు. వాళ్లు పోగొట్టిన స్థానాన్ని వాళ్లను ఎన్నడూ చూడని పిల్లలు తిరిగి సంపాదించాలి. వాళ్లు నిలబెట్టిన స్థానాన్ని వీళ్లు కాపాడాలి. జూన్ నెలలో చివరి ఫిరంగి తరువాత స్థానాల పట్టిక రాసి పెడతారు. అక్టోబరు సంతలో పొరపాటున పడవల క్లబ్బు బల్ల దగ్గర ఆగి పేరు రాయించుకున్న కుర్రవాడో అమ్మాయో మరుసటి వేసవిలో కళాశాల రెండో పడవ ఎక్కి, ఆ పట్టికలో తమకు మిగిలి ఉన్న చోట నిలబడి, ఫిరంగి మోతకోసం ఎదురుచూస్తారు.