కంప్యూటర్ ఫ్యాన్ ఎందుకు హోరెత్తుతుంది?

పెద్దపంజాణిలో ఎండాకాలం. కంప్యూటర్లో వీడియో గేమ్ పెట్టగానే సీపీయూ డబ్బా హోరెత్తుతుంది. ఎందుకు? ప్రాసెసర్‌లో కోట్ల కొద్దీ బుల్లి స్విచ్‌లు ఆన్, ఆఫ్ అవుతుంటాయి. అవి తినే కరెంటంతా చివరికి వేడే. పైనున్న అల్యూమినియం రేకులు ఆ వేడిని లాక్కుంటే, ఫ్యాన్ గాలి బయటికి తోస్తుంది. వేడి పెరిగితే మదర్‌బోర్డు ఫ్యాన్ వేగం పెంచుతుంది. గోల అందుకే! 100 డిగ్రీల దరిదాపులకొస్తే చాలా ప్రాసెసర్లు తమంతట తామే నెమ్మదిస్తాయి.

పీఠభూమి మీదున్న పెద్దపంజాణి లాంటి మన ఊళ్లు తిరుపతి కన్నా కాస్త చల్లనే. కానీ దుమ్ముకి ఆ లెక్క లేదు. రేకుల సందుల్లో పేరుకుందంటే గాలాడదు, ఫ్యాన్ ఎంత తిరిగినా వృథా. పెద్దవాళ్లను పిలిచి, ప్లగ్ పీకి, రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తని బ్రష్‌తో దులపండి. ఇంకో కిటుకు: పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా బోలెడు గాలి తోలుతుంది, చప్పుడూ తక్కువే.