మృదంగం తోలు మీద జాజ్: ‘శక్తి’ బృందంలో కనిపించనివాళ్లు

2024 ఫిబ్రవరి 4న లాస్ ఏంజెలెస్‌లో ‘శక్తి’ బృందానికి గ్రామీ అవార్డు వచ్చింది. వాళ్ల ‘దిస్ మూమెంట్’ ఆ ఏడాది ఉత్తమ గ్లోబల్ మ్యూజిక్ ఆల్బమ్‌. ఇంగ్లండ్‌కు చెందిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్, గాయకుడు శంకర్ మహదేవన్, వయొలిన్ గణేష్ రాజగోపాలన్, కంజీర వాయించే సెల్వగణేష్ ఇందులో సభ్యులు. మర్నాడు మన పత్రికలకూ టీవీలకూ అది భారతదేశం గెలుపు. అదే ఏడాది డిసెంబర్ 15న జాకిర్ హుస్సేన్ చనిపోయినప్పుడు మళ్లీ అదే మాట వినిపించింది: జాజ్‌ను, భారతీయ సంగీతాన్ని, రెండు మహా సంప్రదాయాలను కలిపిన మనిషి అని.

కలిపిన మాట నిజమే. కానీ ఆ కలయికకు ఏ అమెరికా వచ్చింది, ఏ భారతదేశం ఎదురెళ్లింది అన్నది పెద్దగా ఎవరూ అడగరు. శక్తి సంగీతం మీద నాకు కోపం లేదు. 1975లో రికార్డయిన వాళ్ల మొదటి కచేరీని ఇప్పటికీ ఇష్టంగా వింటాను. ఈ ప్రశ్న అలా విని విని పుట్టిందే.

ముందు జాజ్ సంగతి. ఇది అమెరికా నల్లజాతి ప్రజల సంగీతం. బానిసత్వం ఉన్న కాలంలో న్యూ ఆర్లియన్స్ నగరంలోని కాంగో స్క్వేర్ అనే మైదానంలో ఆఫ్రికన్ బానిసలు ఆదివారాలు చేరి డోళ్లు వాయించి ఆడిపాడేవాళ్లు. అదీ అన్నిచోట్లా కుదరలేదు. సౌత్ కరోలినాలో 1739లో బానిసలు తిరగబడ్డారు. మర్నాడే అన్నట్టు 1740లో యజమానులు తెచ్చిన చట్టం బానిసలు డోలు వాయించడాన్ని నిషేధించింది. డోలు చప్పుడు జనాన్ని కూడగడుతుందని వాళ్లకు తెలుసు. దండోరా అంటే ఏమిటో తెలిసిన మనకు ఈ భయాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగల ఉద్యమం ఆ చాటింపు పేరునే తన పేరుగా పెట్టుకుంది.

బానిసత్వం పోయాక, పని పాటలు, చర్చి పాటలు, బ్లూస్, ఊరేగింపు బ్యాండ్ల ట్రంపెట్లు అన్నీ కలిసి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జాజ్ అయ్యాయి. దీని ప్రాణం ఇంప్రొవైజేషన్, అంటే రాసిపెట్టుకోకుండా అప్పటికప్పుడు అల్లడం. ఒక పాట మెట్టు, దాని కింద వరసగా మారే స్వర సముదాయాలు (వాటినే కార్డ్స్ అంటారు) అందరికీ తెలిసి ఉంటాయి. దాని మీద ఒక్కొక్కరు వంతులవారీగా తమ మాట చెబుతారు. ఒకరు వాయిస్తుంటే మిగిలినవాళ్లు ఊరికే ఉండరు. వింటారు, ఊకొడతారు, ఎదురు ప్రశ్న వేస్తారు. పక్కవాణ్ని వినని మనిషి జాజ్ వాయించలేడు.

ఈ సంగీతం ఎప్పుడూ రాజకీయాలకు దూరంగా లేదు. డ్రమ్మర్ మ్యాక్స్ రోచ్ 1960లో ‘వి ఇన్‌సిస్ట్’ అనే ఆల్బమ్ చేశాడు. నల్లజాతి విముక్తే దాని వస్తువు. 1963 సెప్టెంబర్‌లో బర్మింగ్‌హామ్ చర్చిలో తెల్ల దురహంకారులు బాంబు పెట్టి నలుగురు బాలికలను చంపితే, శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ ఆ ఏడాదే ‘అలబామా’ వాయించాడు. ఇదే కోల్ట్రేన్ అంతకు రెండేళ్ల ముందు, 1961లో, ‘ఇండియా’ పేరుతో ఒక రచన రికార్డు చేశాడు. కొడుక్కి రవిశంకర్ పేరు మీద రవి అని పేరు పెట్టుకున్నాడు. తెల్ల అమెరికా తమను మనుషులుగా చూడని కాలంలో అప్పటి నల్లజాతి సంగీతకారులు ఆసియా, ఆఫ్రికాల వైపు ఆశగా చూశారు. వాళ్లకు కనిపించిన భారతదేశం మాత్రం రాగాలు, ధ్యానం, ఆశ్రమాల భారతదేశం. ఆ దేశానికీ ఒక వెలివాడ ఉందన్న సంగతి సితార్ రికార్డు అట్ట మీద ఎవరు రాస్తారు?

శక్తి పుట్టింది ఈ వాతావరణంలోనే. మెక్‌లాఫ్లిన్ 1969లో మైల్స్ డేవిస్ బృందంతో రికార్డు చేసినవాడు. ఆ తర్వాత మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే ఎలక్ట్రిక్ బృందం నడిపాడు. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం టి.హెచ్. వినాయక్‌రామ్, మృదంగం రామనాడ్ రాఘవన్ కలిశారు. 1975 జులై 5న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని ఒక కాలేజీలో చేసిన కచేరీ మరుసటి ఏడాది మొదటి ఆల్బమ్‌గా వచ్చింది.

అందులో మొదటి ముక్క ‘జాయ్’ పద్దెనిమిది నిమిషాలు. గిటార్, వయొలిన్ ఒకే వరసను మెరుపు వేగంతో కలిసి వాయిస్తాయి. వెంటనే విడిపోయి ఒకదానికొకటి జవాబులు చెప్పుకుంటాయి. కింద కార్డ్స్ మారవు. రాగంలో ఉన్నట్టే ఒక ఆధార శ్రుతి ఉంటుంది, దాని మీద స్వరాలు తిరుగుతాయి. గిటార్‌లో గమకం పలకడం కష్టం. అందుకే మెక్‌లాఫ్లిన్ గిబ్సన్ కంపెనీలో అబ్రహాం వెక్టర్ అనే తయారీదారు చేత ప్రత్యేకంగా గిటార్ చేయించుకున్నాడు. తీగను లోతుగా లాగడానికి మెట్ల మధ్య చెక్క తొలిచారు. శ్రుతి మోగడానికి అడ్డంగా ఏడు తీగలు అదనంగా బిగించారు. తాళం వైపు కర్ణాటక సంగీతపు లెక్క నడుస్తుంది. ఎనిమిది అక్షరాల ఆవృతంలో ఐదేసి, ఏడేసి అక్షరాల ముక్కలు పేర్చుకుంటూ వెళ్తారు. దారి తప్పారేమో అనిపిస్తుంది. చివరికి ఒకే జతిని మూడుసార్లు కొట్టి అందరూ ఒక్క దెబ్బ మీద దిగుతారు. మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు లేనిదాన్ని వినండి. డ్రమ్ సెట్ లేదు. శాక్సోఫోన్, ట్రంపెట్ లేవు. నల్లజాతి సంగీతకారుడు ఒక్కడూ లేడు. జాజ్ అన్న పేరు, అప్పటికప్పుడు అల్లే స్వేచ్ఛ వచ్చాయి. వాటిని కన్న మనుషులు రాలేదు. ఇది ఎవరో పన్నిన కుట్ర అనను. సంగీతపరంగా మెక్‌లాఫ్లిన్ వెతికింది వేరు. కానీ ‘జాజ్, భారతదేశం కలిశాయి’ అని రాసేటప్పుడు ఈ లెక్క కూడా చెప్పాలి కదా.

రెండో వైపూ అంతే. ఇక్కడ ‘భారతదేశం’ అంటే మద్రాసు సభలు, హిందుస్థానీ ఘరానాలు. అప్పటికప్పుడు అల్లే విద్య మనోధర్మం అన్న పేరుతో వాటి సొంతమైనట్టు మాట్లాడతారు. చిర్ర, చిటికెన పుల్ల పట్టుకుని మంట మీద డప్పు కాచుకుని నిలబడ్డ మాదిగ కళాకారుల జట్టును ఒకసారి గమనించండి. ముందున్న మనిషి దరువు మార్చగానే మిగిలినవాళ్లు అందుకుంటారు. అడుగు మారుతుంది, జనం ఊపును బట్టి వేగం పెరుగుతుంది. పక్కవాణ్ని వినకపోతే ఇదీ సాగదు. జాజ్‌కు పుట్టుకలోనూ, బతుకులోనూ దగ్గరి చుట్టం మన దగ్గర ఎవరంటే నేను డప్పు అనే చెబుతాను. దాన్ని చావుకు, చాటింపుకు పిలిచారు గానీ వేదిక మీదకు పిలవలేదు.

రాజకీయాల్లో మాత్రం ఈ చుట్టరికం ఎప్పుడో కుదిరింది. అంబేడ్కర్ 1913 నుంచి 1916 దాకా కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. ఆ పక్కనే హార్లెం. 1946లో ఆయన డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాసి, నల్లజాతి ప్రజల తరఫున ఐక్యరాజ్యసమితికి పెట్టిన వినతి ప్రతిని అడిగారు. డుబాయిస్ సానుభూతితో బదులిచ్చాడు. 1972లో బొంబాయిలో దళిత యువకులు బ్లాక్ పాంథర్స్‌ను చూసి దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. ఆ తర్వాత మూడేళ్లకు శక్తి వచ్చింది. ఉత్తరాలు, కరపత్రాలు వెలివాడకు దారి కనుక్కున్నాయి. సంగీతం సభ మెట్లెక్కింది.

అయినా వెలివాడ ఆ వేదిక మీద లేదని అనలేం. రాఘవన్ ఒళ్లో ఉన్న మృదంగాన్ని చూడండి. పనస మొద్దును తొలిచి చేసిన ఆ వాద్యానికి ఆవు తోలు, మేక తోలు మూతులు. బిగించే వార్లు గేదె తోలువి. కుడి మూతి మీద నల్లటి కరణి. రాతి పొడిని అన్నంతో కలిపి పొర మీద పొరగా రుద్దుతారు. ఆ మూతి ఏ శ్రుతిలో పలుకుతుందో, ఎంత గుణంగా పలుకుతుందో తోలు ఎంపికతోనే సగం తేలిపోతుంది. చేత్తో తడిమి ఈ తోలు పలుకుతుందో లేదో చెప్పగల చెవి, వేళ్లు ఉన్నవాళ్లు తమిళనాడులో ఎక్కువగా దళిత క్రైస్తవులు. తంజావూరు తయారీదారు పర్లాందు ఏళ్ల తరబడి పాల్ఘాట్ మణి అయ్యర్‌తో కలిసి పనిచేశాడు. మణి అయ్యర్ మృదంగ నాదం అని లోకం మెచ్చుకున్నదాంట్లో ఆయన వాటా తక్కువేమీ కాదు.

ఈ కుటుంబాల చరిత్రను గాయకుడు టి.ఎం. కృష్ణ ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే పుస్తకంగా రాశాడు. 2020లో దాని ఆవిష్కరణకు చెన్నైలోని కళాక్షేత్ర మొదట హాలు ఇచ్చింది. పుస్తకంలో కొంత భాగం పేపర్లో అచ్చయ్యాక అనుమతి వెనక్కి తీసుకుంది. చివరికి ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో, తిరుమావళవన్, రాజ్‌మోహన్ గాంధీ వస్తే, సభ జరిగింది. గోవు తోలు నాదంగా సభలోకి రావచ్చు, మాటగా రాకూడదు. మెక్‌లాఫ్లిన్ గిటార్ గురించి ఎక్కడ చదివినా వెక్టర్ పేరు ఉంటుంది. మృదంగం గురించి రాసేవాళ్ల కలం సాధారణంగా వాయించినవాడి పేరు దగ్గరే ఆగిపోతుంది.

తెలుగు నేలకు ఈ కథతో నేరుగా సంబంధం ఉంది. 1990ల చివర్లో ‘రిమెంబర్ శక్తి’ పేరుతో బృందం మళ్లీ కూడినప్పుడు అందులో చేరినవాడు మాండొలిన్ యు. శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టాడు. కర్ణాటక సంగీతానికి పరాయిదైన ఒక చిన్న విదేశీ వాద్యంతో చిన్నతనంలోనే సభలను ఒప్పించాడు. 2014లో, 45 ఏళ్లకే పోయాడు. ఆయన మాండొలిన్, మెక్‌లాఫ్లిన్ గిటార్ ఒకరినొకరు తరుముకునే ‘ది బిలీవర్’ ఆల్బమ్ వినితీరాలి. అదే పాలకొల్లుకు గోదావరి పాయ అవతల కోనసీమ. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు దళితులను కట్టేసి కొట్టారు. మర్నెలలోనే కోనసీమలోని అమలాపురం దగ్గర, కరెంటు షాక్‌తో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత సోదరులను చెట్టుకు కట్టి కొట్టారు. తోలు ఒలిచేవాడు లేకుండా తాళం ఎక్కడి నుంచి వస్తుందో కొట్టినవాళ్లు ఆలోచించి ఉండరు. కచేరీ వినేవాళ్లలోనూ ఆలోచించేవాళ్లు తక్కువే.

శక్తి ఒక్కటే దారి కాదు. అంతకు పదేళ్ల ముందే లండన్‌లో జమైకా నల్లజాతి శాక్సోఫోనిస్టు జో హారియట్, కలకత్తాలో పుట్టిన ఆంగ్లో ఇండియన్ స్వరకర్త జాన్ మేయర్ ‘ఇండో జాజ్ సూట్’ చేశారు. ఐదుగురు జాజ్ వాళ్లు, ఐదుగురు భారతీయ వాద్యాల వాళ్లు. హారియట్ ఆదరణ కరువై 1973లో చనిపోయాడు. 2008లో అమెరికా శాక్సోఫోనిస్టు రుద్రేష్ మహంతప్ప, నాగస్వరం కుటుంబం నుంచి వచ్చిన కద్రి గోపాల్‌నాథ్‌తో కలిసి ‘కిన్స్‌మెన్’ చేశాడు. పియానిస్టు విజయ్ అయ్యర్, గిటారిస్టు ప్రసన్న, మన హైదరాబాద్ తబలా వాద్యకారుడు నితిన్ మిట్టా కలిసి ‘తీర్థ’ అనే త్రయం నడిపారు. అయ్యర్ నల్లజాతి సంగీతానికి తన రుణాన్ని దాచుకోడు. 2014లో యేల్‌లో మాట్లాడుతూ, అమెరికాలో పైకెదిగిన ఆసియా వాళ్లు నల్లజాతి వాళ్లకు జరిగే అన్యాయంలో తమ పాత్రను చూసుకోవాలని అన్నాడు. అదే చూపు ఇంటి వైపు, కులం వైపు తిరిగిన జాజ్ కోసం నేనింకా చూస్తున్నాను.

జాజ్ కాదుగానీ, దానికి దగ్గరగా ఒక రాత్రి చెన్నైలో జరిగింది. 2018 జనవరి 6. పా. రంజిత్ నీలం సంస్థ, సంగీత దర్శకుడు టెన్మా కలిసి కూర్చిన ‘క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ మొదటి కచేరీ. అయోతీ దాస్ వందేళ్ల కిందట వాడిన ‘కులం లేని తమిళులు’ అన్న మాట నుంచి ఆ పేరు తీసుకున్నారు. ఉత్తర చెన్నై చావు ఇళ్ల దగ్గర పాడే గానా, ర్యాప్, రాక్ కలిపి పాడారు. వేదిక మీద పరై ఉంది, చట్టి ఉంది, ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. వాటి పక్కనే డ్రమ్ సెట్. పెద్ద డోలును కాలి తొక్కుడుతో మోగిస్తూ, చేతులతో చిన్న డోళ్లు, తాళాలు కొడుతూ ఒక్క మనిషే బ్యాండు మొత్తం అయ్యే ఆ వాద్యం రూపు దిద్దుకుంది న్యూ ఆర్లియన్స్ జాజ్ వాళ్ల చేతుల్లోనే. శక్తి వద్దనుకున్న ఆ వాద్యం ఆ రాత్రి పరైతో కలిసి ఒకే దరువు మీద నడిచింది.