మీ చేతికి తగ్గ మౌసేనా?

"అమ్మా, చెయ్యి గుంజుతున్నదే..."

"ముప్పై ఏళ్ల సంది బీడీలు చేస్తున్న. నాకు గుంజలేదా బిడ్డా?"

పోచారం జలాశయం చుట్టుపక్కల ఊళ్లలో గానీ, కామారెడ్డి, ఎల్లారెడ్డి వీధుల్లో గానీ ఏ ఇంట్లోనైనా వినిపించగల మాటలే ఇవి. తల్లి ఒళ్లో చాట, చేతిలో కత్తెర, పక్కన తునికాకు కట్ట. కూతురేమో పొద్దున్నే బస్సెక్కి పట్నం వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. మీసేవ కేంద్రమో, ఆసుపత్రి బిల్లుల కౌంటరో, డీటీపీ సెంటరో ఏదైనా కావచ్చు. పని మారింది. మణికట్టు నొప్పి మాత్రం తల్లి నుంచి కూతురికి వచ్చినట్టే ఉంది!

కంప్యూటర్ పనిలో నొప్పి అనగానే కుర్చీనీ, కీబోర్డునీ తప్పుపడతాం. రోజంతా గుప్పిట్లో ఉండే మౌస్ సంగతి పెద్దగా పట్టించుకోం. యజమాని ఏది కొనిపెడితే దాంతోనే పని చేస్తాం. చెప్పు ఒక్క అంగుళం చిన్నదైతే వెనక్కిచ్చేసే మనం, చేతికి సరిపోని మౌస్‌తో మాత్రం ఏళ్ల తరబడి సర్దుకుపోతాం.

వేగం వెనుక కథ

సూదిలో దారం ఎక్కించడానికీ, గంపలో వంకాయ వేయడానికీ పట్టే సమయం ఒకటేనా? కాదు కదా! చేరాల్సిన చోటు ఎంత దూరంగా, ఎంత చిన్నగా ఉంటే అంత ఆలస్యం. పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో ఈ సంగతినే సూత్రంగా చెప్పారు. తెరమీది చిన్న గడిలో క్లిక్ చేయడానికి మనం పడే తిప్పలకూ ఆ సూత్రమే వర్తిస్తుంది.

మౌస్ పుట్టింది 1964లో, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకు బిల్ ఇంగ్లిష్ రూపమిచ్చారు. చూడ్డానికి చక్రాలు బిగించిన చిన్న చెక్కపెట్టె, అంతే! వాళ్లు దాన్ని లైట్ పెన్నుతో, జాయ్‌స్టిక్‌తో, చివరికి మోకాలితో కదిపే పరికరంతో కూడా పోల్చి చూసి, 1967లో ఫలితాలు ప్రకటించారు. కొత్తవాళ్లకు లైట్ పెన్ను, మోకాలి పరికరం త్వరగా పట్టుబడ్డాయి. చెయ్యి తిరిగినవాళ్ల దగ్గర మాత్రం మౌస్‌దే పైచేయి. 1978లో జిరాక్స్ పరిశోధన కేంద్రం వాళ్లు జరిపిన పరీక్షలోనూ జాయ్‌స్టిక్‌నీ, మీటల్నీ దాటుకుని మౌసే ముందు నిలిచింది.

దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? కొత్త పరికరాన్ని మొదటిరోజు అనుభవంతోనే మంచిదనో చెడ్డదనో తేల్చేయకూడదు. వారం పది రోజులు వాడి చూడాలి.

దేనికది ప్రత్యేకం

ల్యాప్‌టాప్‌కు ఉండే టచ్‌ప్యాడ్ విడిగా చోటు అడగదు, ప్రయాణాల్లో హాయి. కానీ గంటల తరబడి ఫారాలు నింపేవారికి మౌసే వేగం. ట్రాక్‌బాల్‌లో పరికరం కదలదు, బంతిని తిప్పితే చాలు. భుజానికి విశ్రాంతి, ఇరుకు బల్లకు అనుకూలం. అయితే బొటనవేలితో తిప్పే రకమైతే ఆ వేలు అలిసిపోతుంది. నిలువు మౌస్‌ను కరచాలనం చేస్తున్నట్టు పట్టుకోవచ్చు, ముంజేయి మెలి తిరగదు. అలవాటయ్యేదాకా పని కాస్త నెమ్మదిస్తుంది. ఫొటోలు దిద్దేవారికి, బొమ్మలు వేసేవారికి పెన్ను ట్యాబ్లెట్ చక్కగా సరిపోతుంది.

అంటే వేగం కావాలా, హాయి కావాలా అన్న బేరం కొంత తప్పదన్నమాట. రోజుకు అరగంట పనికి ఏదైనా ఒకటే. ఎనిమిది గంటలు కూర్చునేవారు మాత్రం చేతి మాట వినాల్సిందే.

ఖర్చు లేని చిట్కాలు

* అరచేయి మౌస్ మీద సహజంగా వాలాలి. వేళ్లు సాచి అందుకోవాల్సి వస్తే అది మీకు పెద్దదైనట్టే. మరీ చిన్నదైతే వేళ్లు ముడుచుకుని పట్టాల్సి వస్తుంది.

* మౌస్‌ను కీబోర్డుకు ఆనించి పెట్టుకోండి. అంకెల మీటలు లేని కీబోర్డయితే అది ఇంకా దగ్గరవుతుంది, భుజం సాచే పని తప్పుతుంది.

* సెట్టింగ్స్‌లో బాణం గుర్తు వేగాన్ని మార్చుకోండి. తక్కువైతే చెయ్యి ఎక్కువ దూరం తిరగాలి. మరీ ఎక్కువైతే గురి తప్పుతుంది.

* మణికట్టును బల్ల అంచుకు నొక్కి ఉంచకండి. మోచేతి నుంచి కదపండి.

* కాపీకి, పేస్టుకి, సేవ్‌కి కీబోర్డు మీటలు నేర్చుకుంటే క్లిక్కులు బోలెడు తగ్గుతాయి.

* ఎడమచేతి వాటమైతే బటన్లను తారుమారు చేసుకునే వీలు కంప్యూటర్లోనే ఉంది.

* మధ్యమధ్య చెయ్యి వదిలేసి వేళ్లు చాపి ముడవండి.

నిర్లక్ష్యం వద్దు

రాత్రిళ్లు బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా? చేతిలోంచి గ్లాసు జారిపోతోందా? మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతే ఇలాగే ఉంటుంది. దీన్నే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. మగవారికన్నా ఆడవారిలోనే ఇది ఎక్కువ. గర్భిణులకు, థైరాయిడ్ లోపం, మధుమేహం ఉన్నవారికి వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. కాబట్టి తప్పంతా మౌస్‌దేనని ఊరుకోకుండా డాక్టర్ని కలవండి. ఇంటికొచ్చాక బట్టలు పిండేదీ, రొట్టెలు కొట్టేదీ అదే చేత్తో కదా!

మళ్లీ ఆ తల్లీకూతుళ్ల దగ్గరికొద్దాం. తల్లి వాడే కత్తెర మొద్దుబారితే సాన పట్టించుకుంటుంది. తన చేతికి అలవాటైన కత్తెరను ఇంకొకరికి ఇవ్వమన్నా ఇవ్వదు. పనిముట్టు బాగుంటేనే పని బాగుంటుందని, నాలుగు కట్టలు ఎక్కువ పడతాయని ఆమెకు తెలుసు. కూతురికీ అదే న్యాయం. చేతికి సరిపోయే మౌస్ ఇప్పించమని యజమానిని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఈ నెల జీతమూ, వచ్చే ఏటి జీతమూ వచ్చేది ఆ చెయ్యి బాగుంటేనే మరి. ఏమంటారు?