చలికి బ్రాందీ ఎందుకండీ, సొంఠి ఉండగా!

ధనుర్మాసం వచ్చిందంటే మన కడప జిల్లాలో కూడా తెల్లవారుజామున చేతులు కొంకర్లు పోతాయి. ఎండాకాలంలో నిప్పుల కొలిమిలా ఉండే జమ్మలమడుగులోనే పెన్న గాలికి దుప్పటి వదలబుద్ధి కాదు. జలుబు, దగ్గు అనగానే ప్రొద్దుటూరు, పులివెందుల వైపు కొన్ని ఇళ్ళలో బీరువా వెనక నుంచి చిన్న సీసా ఒకటి బయటికి వస్తుంది. "తాగడానికి కాదు, మందుకే" అంటారు. అరగ్లాసు వేడినీళ్ళు, మూతెడు బ్రాందీ, చిటికెడు మిరియాల పొడి, చెంచాడు తేనె. ఇంతే ఆ మందు!

ఇది మనం కనిపెట్టింది కాదు లెండి. జర్మనీలో క్రిస్మస్ సంతల్లో ఎర్ర వైనులో దాల్చినచెక్క, లవంగాలు, కమలాపండు తొక్క వేసి, తెర్లనీయకుండా వెచ్చబెట్టి అమ్ముతారు. ఇంగ్లీషువాళ్ళు విస్కీలో వేడినీళ్ళు పోసి 'హాట్ టాడీ' అంటారు. ఆ టాడీ అన్న మాట మన దేశపు తాటికల్లు పేరే. హిందీలో కల్లును తాడీ అంటారు కదా!

మరి పని చేస్తుందా? తాగగానే ఒళ్ళు వెచ్చబడినట్టే ఉంటుంది. మద్యం చర్మం కింద ఉన్న రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. లోపలి వేడి పైకి వచ్చి బయటికి పోతుంది. మనకు వెచ్చన, ఒంటికి నష్టం. గొంతు హాయిగా ఉందంటే అది వేడినీళ్ళ వల్ల, మిరియాల వల్ల, తేనె వల్ల. బ్రాందీ గొప్పేమీ లేదు.

పెద్దవాళ్ళ సంగతి అలా ఉంచండి. పసిపిల్లలకు రొమ్ముకు రాసి, బాలింతకు గ్లాసులో కలిపి ఇచ్చే అత్తలు, అమ్మలు ఇంకా ఉన్నారు. అది మాత్రం వద్దే వద్దు. చిన్నపిల్లలకు కొద్దిపాటి మద్యానికే రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. బాలింత తాగింది పాలలోకి వస్తుంది. జలుబు మాత్రలతో కలిస్తే పెద్దవాళ్ళకూ మంచిది కాదు, మత్తు ఎక్కువవుతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా, 1995 జనవరిలో మొత్తం మద్యం ఆగాయి. 1997లో నిషేధం ఎత్తేశారనుకోండి. అంత పోరాడిన ఆడవాళ్ళం, మందు పేరుతో మన చేత్తోనే పిల్లల నోట్లో పోయడమేమిటి?

బాలింతకు కాయం పెట్టే ఇళ్ళు మనవి. సొంఠి లేని ఇల్లుంటుందా! బొటనవేలంత సొంఠి ముక్క, పది మిరియాలు, చెంచాడు ధనియాలు కచ్చాపచ్చాగా దంచి, నాలుగు గ్లాసుల నీళ్ళలో వేసి, సన్నసెగ మీద రెండు గ్లాసులయ్యేదాకా మరగనివ్వండి. దించేముందు నాలుగు తులసాకులు. దించాక బెల్లం. పాలు పోసుకునేవాళ్ళు కాస్త చల్లారాకే పోసుకోవాలి, పొయ్యి మీద బెల్లంతో కలిసి మరిగితే పాలు విరుగుతాయి. కడుపులో మంట ఉన్నవాళ్ళు మిరియాలు మూడు నాలుగుకు తగ్గించుకోండి. తేనె కావాలంటే గోరువెచ్చగా అయ్యాక కలపండి, కానీ ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. పసిబిడ్డ ఎగ ఊపిరి పీలుస్తున్నా, పాలు పట్టకపోయినా కషాయాలతో కాలయాపన వద్దు, ఆసుపత్రికి తీసుకుపోండి.

వడగట్టిన పిప్పి పారేయకండి సుమా! ఆ పూట చారులో వేసి ఒక పొంగు రానిస్తే, వేడన్నంలోకి ఘాటుగా భలే ఉంటుంది.