కొట్టేవాడికే పేరా?

 

ఈ సంక్రాంతి సెలవులకి నాన్నతో కలిసి విశాఖపట్నం వెళ్ళేను. గాజువాకలో మా పెద్దమ్మ కొడుకు గది తీసుకుని ఐ.టి.ఐ.లో ఫిట్టర్ చదువుతున్నాడు. పెద్దమ్మ పసుపు అమ్మిన డబ్బుతో చేర్పించింది. స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో పని దొరుకుతుందని ఆమె ఆశ.

రాత్రి పది దాటినా అన్న ఫోను వదల్లేదు. "అన్నా, ఏటాడుతున్నావు?" అని అడిగేను. "మా టీములో డ్యామేజీ ప్లేయర్ని నేనే చెల్లీ. కొట్టేది నేనే. ఐ.టి.ఐ. మానేసి ఇదే ఉద్యోగం చేసుకుంటాను" అన్నాడు. అన్నం తినేటప్పుడు చూస్తే కుడిచేతి బొటనవేలు సరిగ్గా వంగడం లేదు. ముద్ద కలపలేక చెంచా అడిగేడు. నాకు భయమేసింది. నాన్నతో చెప్పొద్దన్నాడు.

హాస్టల్‌కి వచ్చేక కంప్యూటర్ సార్‌ని అడిగి తెలుసుకున్నవి మీకోసం రాస్తున్నాను.

కంప్యూటరు మీద, ఫోను మీద జట్లుగా ఆడే పోటీలని ఈ-స్పోర్ట్స్ అంటారు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో వీటిని ప్రదర్శనగా పెట్టేరు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో పతకాలు కూడా ఇచ్చేరు. డబ్బు పెట్టి ఆడే ఆటలు వేరు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగు 2020లోనే నిషేధించేరు. 2025లో కేంద్రం చట్టం చేసి డబ్బు ఆటల్ని దేశమంతా నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది. అన్న ఆడేది డబ్బు ఆట కాదు. అది నయమే.

మరి డ్యామేజీ ప్లేయర్ అంటే ఎవరు? మా తాత చెప్పే వేట కథతో చెప్తాను. పూర్వం ఇటుకల పండక్కి మా ఊరి మగవాళ్ళు వేటకి వెళ్ళేవారట. డప్పు కొట్టి జంతువుని తోలేవాళ్ళు కొందరు. దారి కాసేవాళ్ళు కొందరు. విల్లు పట్టుకుని చెట్టు వెనక నిలబడేవాడు ఒకడు. బాణం వేసేది అతనే. కానీ తోలేవాళ్ళు లేకపోతే జంతువు అతని ముందుకి రాదు కదా.

లీగ్ ఆఫ్ లెజెండ్స్ అని 2009లో వచ్చిన కంప్యూటర్ ఆట ఉంది. జట్టుకి ఐదుగురు. ఎదుటి కోట పగలగొట్టిన జట్టు గెలుస్తుంది. అందులో విల్లో తుపాకో పట్టుకుని దూరం నుంచి కొట్టేవాడు డ్యామేజీ ప్లేయర్. అతని ఒంట్లో బలం తక్కువ, రెండు దెబ్బలకే పడిపోతాడు. అందుకని పక్కన కాపలాకి ఒకరు ఉంటారు. మొదట్లో చిన్న చిన్న శత్రువుల్ని కొట్టి బంగారం పోగుచేసి ఆయుధాలు కొంటాడు. ఆట చివరికొచ్చేసరికి జట్టుని మోసేది అతనే. అందుకే 'క్యారీ' అంటారు, అంటే మోసేవాడని. కొట్టాలి, జరగాలి, మళ్ళీ కొట్టాలి. వేళ్ళకి ఖాళీ ఉండదు.

ఈ స్థానంలో ప్రపంచమంతా పేరు పొందినవాడు చైనాకి చెందిన జియాన్ జిహావో. ఆటలో పేరు 'ఊజీ'. 1997లో పుట్టేడు. 2012లో, అంటే 15 ఏళ్ళకే, ఆటనే ఉద్యోగం చేసుకున్నాడు. మన పదో తరగతి వయసు! వెనక దాక్కుని ఆడే స్థానంలో ఉండి ముందుకి దూకి ఆడొచ్చని చూపించేడు. అతన్ని చూసి ఆ స్థానం ఎంచుకున్న పిల్లలు ఎందరో. 2013లోనూ 2014లోనూ ప్రపంచ పోటీ ఫైనల్‌కి వెళ్ళి ఓడిపోయేడు. 2018 జకార్తాలో చైనా జట్టు కొరియాని ఓడించింది, ఆ జట్టులో ఉన్నాడు. ప్రపంచ కప్పు మాత్రం ఎప్పుడూ అందలేదు.

2020 జూన్‌లో ఆట విరమించుకున్నాడు. అప్పటికి 23 ఏళ్ళే. ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు మేలుకోవడం, వేళకి తినకపోవడం, ఒత్తిడి. చివరికి షుగరు జబ్బు వచ్చింది, చెయ్యి కూడా పాడయింది. తర్వాత 2022లో, 2023లో మళ్ళీ కొంత ఆడేడు గానీ వెనకటి ఊజీ కాలేకపోయేడు.

ఇంకొకడు కొరియా ఆటగాడు బే జున్-సిక్, ఆటలో పేరు 'బ్యాంగ్'. 2015, 2016లో వరసగా రెండుసార్లు ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో కొట్టేవాడు. అతన్ని కాపాడుతూ పక్కనే ఆడినవాడు 'వుల్ఫ్' అనే లీ జే-వాన్. ఇప్పుడు ఇద్దరూ విరమించుకున్నారు. బ్యాంగ్ పేరు చెప్పినవాళ్ళు వుల్ఫ్ పేరు కూడా చెప్పాలని నా అభిప్రాయం.

మనకి తెలిసిన ఆటలోకి వద్దాం. చెడుగుడులో కూతకి వెళ్ళేవాళ్ళే డ్యామేజీ ప్లేయర్లు. 2014లో విశాఖ పోర్టు వాళ్ళ ఇండోర్ స్టేడియంలో తెలుగు టైటాన్స్ జట్టు ఆడినప్పుడు జనం రాహుల్ చౌదరి కూతకే కేకలు వేసేవారు. ఆడవాళ్ళలో మమతా పూజారి గొప్ప రైడర్. కర్ణాటక పల్లెటూరి అమ్మాయి. 2010, 2014 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచిన మన జట్టులో ఉంది. 2014లో అర్జున అవార్డు వచ్చింది. ఆమెకి దక్షిణ మధ్య రైల్వేలో ఉద్యోగం ఉంది. ఆట ఆగినా జీతం ఆగదు. ఊజీ అంత పేరున్నవాళ్ళు లక్షల్లో ఒక్కరు. మిగతావాళ్ళకి ఆట పోతే ఏముంటుంది? ఇదే నేను అన్నని అడగాలనుకున్నది.

బొటనవేలి గురించి మన నర్సమ్మని అడిగేను. వేలిని కదిపే తాడులాంటిది చిన్న గొట్టంలోంచి జారుతుందట. అదేపనిగా కదిపితే వాచి ఇరుక్కుంటుందట. తొందరగా డాక్టరుకి చూపించి విశ్రాంతి ఇస్తే చాలామందికి తగ్గుతుంది, ఆలస్యం చెయ్యకూడదు అంది. ఫిట్టరుకి కూడా చెయ్యే కదా ఆధారం.

ఆట చెడ్డదని నేను అనను. నేను కూడా చెడుగుడులో కూతకి వెళ్తాను, అవతలి వాళ్ళు పట్టుకున్నప్పుడు గీత దాకా దేకడం నాకూ ఇష్టమే. కానీ కొట్టేవాడికి వెనక ఎవరో కాపలా ఉండాలి. అన్నకి పక్కన వుల్ఫ్ లేడు. గదిలో ఒక్కడే ఉంటాడు.

అందుకని ఈ వ్యాసం ఇంకో కాపీ రాసి అన్నకి పోస్టు చేసేను. ఇంకా జవాబు రాలేదు. వచ్చే ఆదివారం నాన్న నన్ను చూడ్డానికి వస్తాడు. నాన్నకి చదువు రాదు. ఈ గోడ దగ్గర నిలబెట్టి మొత్తం చదివి వినిపిస్తాను. అన్న కోప్పడితే కోప్పడనీ.

– 9వ తరగతి విద్యార్థిని