మూల కోసే చక్రాలు

హైదరాబాద్ బోయిగూడ పాఠకుడొకరు అడిగారు: "గోడలు, బాత్‌రూమ్‌తో సహా గదికి గదే ఫ్యాక్టరీలో కట్టి ట్రెయిలర్ మీద తెస్తారట. మా కలప డిపోల సందుల్లోకి వస్తుందా?"

బరువు, ఎత్తు, కరెంటు తీగల సంగతి వదిలేద్దాం. వెడల్పు 2.6 మీటర్లు దాటితే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి, అంతే. అందరూ వెడల్పు చూసే బెంబేలెత్తుతారు గానీ అసలు పేచీ మలుపులో, అదీ పొడవుతో.

ట్రెయిలర్ వెనక ఇరుసుకు పక్కకు జారడం కుదరదు. ప్రతి క్షణం తనను లాగుతున్న కింగ్‌పిన్ (ట్రెయిలర్‌ను ట్రక్కుకు తగిలించే కీలు) వైపే కదలాలి. అందుకే ముందు చక్రాల జాడలో నడవకుండా మూల కోసుకుంటూ వస్తుంది. కింగ్‌పిన్ 15 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతోందనుకోండి. వెనక ఇరుసు దానికి 9 మీటర్ల దూరంలో ఉంటే 12 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంది (పైథాగరస్ చాలు). అంటే 3 మీటర్లు లోపలికి. అదే దూరం 12 మీటర్లయితే? ఏకంగా 6 మీటర్లు! పొడవు మూడోవంతు పెరిగితే కోత రెట్టింపైంది. ఇది పూర్తి చుట్టు తిరిగినప్పటి లెక్క. 90 డిగ్రీల మలుపులో కొంత తగ్గుతుంది.

మలుపు దాటి ట్రక్కు తిన్నగా సాగాక కూడా వెనక ఇరుసు వెంటనే దారికి రాదు. అప్పుడది గీసే వంపు పేరు ట్రాక్ట్రిక్స్. 17వ శతాబ్దంలో పారిస్‌లో క్లోడ్ పెరో జేబు గడియారాన్ని గొలుసు పట్టి బల్ల మీద లాగుతూ, ఇది ఏ గీత గీస్తుందని పండితులను నిలదీశాడు. సిండ్రెల్లా కథ రాసిన షార్ల్ పెరోకి అన్నగారీయన. లైబ్నిజ్, హైగెన్స్ 1690ల్లో దాని పని పట్టారు.

విరుగుడు, వెనక ఇరుసులనూ తిప్పడం. ముందూ వెనకా ఒకే వృత్తం మీద నడిస్తే, అదే 12 మీటర్లకు నడుమభాగం లోపలికొచ్చేది 1.25 మీటర్లే. చక్రాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ తిరగాలన్న ఈ సూత్రానికి అకర్‌మన్ పేరు పెట్టారు. అన్యాయం! మ్యూనిక్ బండ్ల తయారీదారు లాంకెన్స్‌పెర్గర్ తరఫున 1818లో లండన్‌లో పేటెంట్ తీసుకున్న ఏజెంటు మాత్రమే ఆయన. చార్ల్స్ డార్విన్ తాత ఎరాస్మస్‌కి అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఈ ఊహ తట్టింది.

ఇక మీ సందు. మెట్రోవాళ్లు వంతెన స్పాన్లను ముక్కలుగా ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో పోతపోసి, రాత్రిళ్లు ట్రెయిలర్ల మీద తెచ్చి పైన అతికించారు. అలా కట్టిన వంతెన మీదే మీ పక్కనున్న గాంధీ ఆసుపత్రి మీదుగా 2020 ఫిబ్రవరి 7న రైలు మొదలైంది. గదులనూ పొట్టి ముక్కలుగా అడగండి. మలుపులో లోపలి మూలన ట్రాన్స్‌ఫార్మర్ ఉందేమో ముందే కొలుచుకోండి. అక్కడ ఆపి ఉంచే కార్ల సంగతి మాత్రం ఏ గణితానికీ లొంగదు.