చెట్టును ఊరు కాస్తోంది... తంపరను ఎవరు కాస్తారు?

వానలు వెనకపట్టే వేళకి శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం తేలినీలాపురం చింతచెట్ల మీద కాపురాలు మొదలవుతాయి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు జంటలుగా దిగి పుల్లలు ఏరి గూళ్లు కడతాయి. మార్చి, ఏప్రిల్ దాకా ఆ చెట్ల కింద రెట్ట, జారిపడ్డ చేపల కంపు. అయినా ఊళ్లో ఎవరూ రాయి విసరరు, కొమ్మ నరకరు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డను చూసుకున్నట్టే చూసుకుంటారు. పక్షులొస్తే పంటలు బాగుంటాయని పెద్దల నమ్మకం.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది చెబుతారు. నిజానికి ఈ రెండూ మన ఉపఖండం పక్షులే. మన చెరువులు, మడుగుల్లోనే మేస్తాయి, మన చెట్ల మీదే పిల్లల్ని చేస్తాయి. మనం పోగొట్టుకుంటే ఎక్కడి నుంచో మళ్లీ వచ్చిపడేవి కావు. ఒకసారి పోగొట్టుకున్నాం కూడా. 1946లో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో పక్షి పరిశీలకుడు కె.కె.నీలకంఠన్ పెద్ద గూడబాతుల స్థావరాన్ని గుర్తించారు. ఆ తర్వాత అది కనుమరుగైంది.

చెట్టును కాపాడటం ఊరి చేతిలో ఉంది. చేపను కాపాడటం ఊరి చేతిలో లేదు. గూటిలోని పిల్లల కోసం పెద్ద పక్షులు నౌపడ చిత్తడి నేలలకు, చుట్టుపక్కల చెరువులకు వెళ్లి మేత తేవాలి. 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. చేపల ద్వారా కడుపులో చేరిన నులిపురుగులే కారణమని తేలింది. గూటిని ఎంత కాచినా, చెరువులోంచి వచ్చే చావును ఊరు ఎలా ఆపుతుంది?

ఆ నీటి కోసం నిలబడ్డవాళ్లూ సామాన్యులే. సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో తంపర అనే చిత్తడి భూములను థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇస్తే రైతులు, మత్స్యకారులు ఎదురుతిరిగారు. తంపర వాన నీటిని పట్టి ఉంచుతుంది. దాన్ని పూడిస్తే వరద పొలాల మీద పడుతుంది, వేట పోతుంది. వాళ్ల వాదన అంతే. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అంతకు ఏడు నెలల ముందు, 2010 జులై 14న, సోంపేట బీల అనే చిత్తడి నేల కోసం ఇదే జిల్లాలో ఇలాగే నెత్తురు చిందింది. పర్యావరణ పరిరక్షణ చరిత్ర రాసేవాళ్లు అభయారణ్యాల పేర్లతో పాటు ఈ రెండు తేదీలూ రాయాలి. అక్కడి జనం పోరాడింది తమ కూడు కోసం. పక్షికీ ఆ నీళ్లే దిక్కు.

అటవీశాఖ తేలినీలాపురంలో కాపలాదారులను పెట్టింది, సందర్శకుల కేంద్రం కట్టింది. మంచిదే. కానీ గూళ్లున్న చింతచెట్లు చాలావరకు ఊరివాళ్ల పెరళ్లలోనివి. కలపకు అమ్ముకోకుండా, కంపు భరిస్తూ నిలిపి ఉంచే కుటుంబానికి ఏటా చెట్టుకింత అని చెల్లించాలి. గాలివానకు కూలిన ప్రతి చెట్టు స్థానంలో ఇప్పుడే కొత్త మొక్క నాటాలి. చింత ఎదగడానికి ఏళ్లు పడుతుంది. పక్షులు మేసే చెరువుల్లో చేపలను ఏటా గూళ్లు కట్టే కాలానికి ముందే పరీక్షించాలి. తంపర మీద ఏ ప్రతిపాదన వచ్చినా తేలినీలాపురం, కాకరాపల్లి గ్రామసభల మాట విన్నాకే దస్త్రం కదలాలి.